పదిమందిని అడిగాను

మా ఊరి కరాటే హాల్లో నల్ల బెల్టు పరీక్షకు నిలబడిన మనిషి వరసగా పదిమందితో తలపడాలి. ఒక్కొక్కరితో రెండు నిమిషాలు. గెలవనక్కర్లేదు, పదో మనిషి అయ్యేసరికి కాళ్ల మీద ఉంటే చాలు. చేత్తో ముఖం మీద కొట్టకూడదు. మిగతా ఒళ్లంతా వాళ్లదే. పరీక్షకు ముందు ఇంటివాళ్లలో ఒకరి చేతికి తెల్ల తువ్వాలు ఇస్తారు. ఆ మనిషి చూడలేక దాన్ని చాప మీద పడేస్తే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. అలా ఆగిన పరీక్ష మళ్లీ పెట్టరు. వచ్చే ఏడాది కాదు, జన్మలో పెట్టరు.

మా ఆవిడ తన పరీక్షకు తువ్వాలు పట్టుకోవడానికి నా పేరు రాయించింది.

"మీ తమ్ముడి పేరు రాయించాల్సింది," అన్నాను. "నాకు వేలికి సూది గుచ్చుకుంటేనే కళ్లు తిరుగుతాయి."

"వాడు ఆ పదిమందిలో ఒకడు కదండీ. కొట్టేదీ వాడే, కాపాడేదీ వాడేనా?" అని నవ్వింది. "అయినా మీరైతే మాట మీద నిలబడతారు. ఆ తువ్వాలు మీ చేతిలోంచి జారకూడదు. నేను చచ్చినట్టు పడున్నా సరే, లేచేది లేనిది నేను చూసుకుంటాను. మాటివ్వండి."

ఇచ్చాను. దేవుడి పటం ముందు నిలబెట్టి మరీ తీసుకుంది.

నేను దర్జీని. హాలుకు తెల్ల యూనిఫాంలు కుట్టేది నేనే. అలల మీద బోర్డులు తొక్కేవాళ్లు వేసుకునే రబ్బరు సూట్లు చిరిగితే అతుకులు వేసేదీ నేనే. మా ఊళ్లో కరాటే, సర్ఫింగ్ రెండూ చెయ్యని మనిషి అరుదు. పొద్దున సముద్రం, సాయంత్రం హాలు. రెండింటినీ మొదలుపెట్టింది గురువుగారే. అరవై దాటిన సన్నటి మనిషి, గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

ఒడ్డున పొద్దుటిపూట ఆడవాళ్లకీ పిల్లలకీ సర్ఫింగ్ నేర్పే తరగతి ఒకటుంది. నేర్పే అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోతే ఆ పని ఖాళీ అయింది. నల్ల బెల్టు ఉన్న ఆడమనిషికే ఇస్తానన్నారు గురువుగారు. "నీళ్లలో ఒకరి ప్రాణం నేర్పేవాళ్ల చేతిలో పెడతాం. దెబ్బకు నిలబడలేని మనిషికి ఎలా ఇవ్వను?" అన్నారు. మా ఆవిడకు ఆ పని కావాలి. అదొక్కటే కావాలి. పదహారేళ్లుగా హోటలు దుప్పట్లు ఉతికే లాండ్రీలో చేస్తోంది. లోపల ఆవిరి ఎంతంటే గోడలకు కూడా చెమట పడుతుంది. సబ్బు సోడాకు చేతులు పొరలు పొరలుగా ఊడతాయి. ముప్పై ఐదో ఏట, పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక ఒకరోజు ఎవరిదో బోర్డు అడిగి తీసుకుని నీళ్లలోకి వెళ్లింది. ముక్కులోంచీ చెవుల్లోంచీ ఉప్పునీళ్లు కారుతూ తిరిగొచ్చి, "ఏమండీ, ఒక్క క్షణం నిలబడ్డాను" అంది. పెళ్లిలో కూడా అంత వెలుగు ఆ ముఖంలో చూడలేదు నేను. ఇప్పుడు నలభై రెండు. లాండ్రీ మానేసి నీళ్ల మీద బతకాలని ఆశ.

సముద్రంలో ఒక పద్ధతుంది. అల ఎక్కడ విరగడం మొదలవుతుందో దానికి దగ్గరగా ఉన్న మనిషిది ఆ అల. రెండోవాళ్లు తప్పుకోవాలి. ఇది అందరూ ఒప్పుకునే న్యాయమే కానీ, మా ఊళ్లో పెద్దవాళ్లు వస్తుంటే చిన్నవాళ్లు తమ అల వదిలేస్తారు. మా ఆవిడ వదిలేది కాదు. రొట్టెల బట్టీ ఆయన ఒకసారి ఒడ్డున అందరి ముందూ అన్నాడు.

"ఏమ్మా, కాస్త పెద్దా చిన్నా చూసుకోవాలి."

"అల పెద్దా చిన్నా చూసుకుని విరగదు కదా బాబాయ్," అంది మా ఆవిడ, కాలు జారకుండా బోర్డుకు మైనం రుద్దుకుంటూ.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్విన మనిషి మరిచిపోయాడనుకోవడం నా అమాయకత్వం.

పరీక్ష వారం రోజులుందనగా గురువుగారు కబురు పంపారు. ఈసారి తలపడే పదిమందికీ కొత్త యూనిఫాంలు కావాలట. అంటే పదిమందీ ఒక్కొక్కరే నా కొట్టుకు వచ్చి, నా ముందు చేతులు చాచి నిలబడతారు. ఇది దేవుడు పంపిన అవకాశం అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆయన్ని ఇందులోకి లాగడం కూడా తప్పేనేమో.

అడగనిదే అమ్మయినా పెట్టదని పెద్దలన్నారు. నేను ఆ మాట మీదే బతికాను. పిల్లవాడికి బడిలో సీటు అడిగాను, కొట్టుకు అద్దె తగ్గించమని అడిగాను, జబ్బు చేస్తే డాక్టరుగారిని ఇంటికి రమ్మని అడిగాను. రెండు చేతులూ జోడించి అడిగితే కాదన్నవాళ్లు తక్కువ. అందుకే మళ్లీ అడిగాను.

ముందు రొట్టెలాయన వచ్చాడు. ఛాతీ చుట్టూ టేపు తిప్పుతూ మెల్లగా అన్నాను: "ఆదివారం మా ఇంటిదాన్ని కాస్త చూసుకోండి."

"మీరు చెప్పాలా టైలరు గారూ! ఆడకూతురు. పిండి పిసికినట్టు కూడా పిసకను, ఉత్తినే ఒత్తుతాను," అన్నాడు.

లెక్కల మాస్టారు, "మెల్లగా అంటే ఎంత మెల్లగా? ఉజ్జాయింపుగా చెప్పండి," అని హాస్యమాడాడు. తాబేలు అని మేం పిలిచే పడవ మెకానిక్కు, ఎప్పుడూ ఎవరినీ నొప్పించని మనిషి, తలొంచుకుని సరే అన్నాడు. మా బావమరిది, ఊరంతా ఉత్తరాలు పంచేవాడు, నా మాట విని పగలబడి నవ్వాడు.

"బావా, అక్కకు తెలిసిందంటే నీ తోలు ఒలిచి నీ మిషను మీదే కుడుతుంది!"

"అందుకే తెలియకూడదురా. నీ కడుపులో పెట్టుకో."

"నా కడుపా? అది పోస్టు డబ్బా బావా, ఏది వేసినా లోపలే ఉంటుంది," అని పొట్ట తట్టుకున్నాడు.

ఆఖరున మందుల షాపు పెద్దక్క వచ్చింది. హాల్లో మొట్టమొదట నల్ల బెల్టు కట్టిన ఆడమనిషి ఆమే. మా ఆవిడకు కాలు విసరడం నేర్పిందీ ఆమే. నేను మాట పూర్తి చేసేలోపే చాచిన చేతులు దించేసింది.

"ఇంకెంతమందిని అడిగావు తమ్ముడూ?"

"అందరినీ అడిగాను. నువ్వే ఆఖరు అక్కా."

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. "కొలతలు అయ్యాయా?" అంది. అయ్యాయన్నాను. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి హాలు కిక్కిరిసిపోయింది. అది ఒకప్పుడు ఐసు గోదాము. పైన రేకులు, కింద చాపలు, గోడల వెంట నిలబెట్టిన బోర్డులు. కొత్త యూనిఫాంలలో పదిమందీ ఒక వరసగా కూర్చున్నారు. నా కుట్టు బాగా కుదిరిందని చూసి సంతోషించాను కూడా. మా ఆవిడ మధ్యలో నిలబడి ఉంది. గురువుగారు నా చేతికి తువ్వాలు ఇచ్చి, జనం వైపు తిరిగారు.

"ఈ హాలు పెట్టి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఒకరి తరఫున ఇంకొకరు వచ్చి, మెల్లగా కొట్టండి అని అడగడం ఇంతవరకు లేదు. ఈసారి అడిగారు."

ఎవరి పేరూ చెప్పలేదు. అయినా తలలన్నీ నా వైపు తిరిగాయి.

"అడిగినందుకు నాకు కోపం లేదు. కానీ ఇవాళ ఈమెకు బెల్టు వస్తే రేపు ఊరు ఏమంటుంది? అడుక్కుని తెచ్చుకుంది అంటుంది. ఆ మాట ఈమె మీద పడకూడదు. అందుకని ఈమె గౌరవం కోసం ఒక్కొక్కరికి రెండు కాదు, మూడు నిమిషాలు. ఎవరూ చెయ్యి ఆపరు. ఆపిన వాళ్లు రేపటి నుంచి ఈ గుమ్మం తొక్కనక్కర్లేదు."

చప్పట్లు మోగాయి. నిజంగా మంచి మాట విన్నట్టు కొట్టారు.

మా ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"మీరేనా?"

"నేనే."

"ఎవరిని అడిగారు?"

"పదిమందినీ."

తిట్టలేదు. ఉతికిన దుప్పటి మీద పోని మరక కనిపిస్తే ఎలా చూస్తుందో అలా చూసింది. "ఆ తువ్వాలు కిందపడిందో, ఇక నేను మీకేమీ కాను," అని మెల్లగా చెప్పి మధ్యలోకి వెళ్లి నిలబడింది.

మొదట రొట్టెలాయన లేచాడు. పిండి పిసికిన చేతులు. పొట్టలో ఒకే చోట, ఒకే లెక్కన గుద్దుతూ పోయాడు. దగ్గరగా వచ్చినప్పుడల్లా, "పెద్దా చిన్నా... పెద్దా చిన్నా..." అని గొణిగాడు. మొదటి వరసలో వాళ్లకు వినబడి నవ్వారు. మా ఆవిడ కూడా బాగానే కొట్టింది. మూడు నిమిషాలు అయ్యేసరికి ఆయనకూ ఆయాసం వచ్చింది. సరే, ఇలాగైతే గట్టెక్కుతుంది అనుకున్నాను.

రెండు, మూడు, నాలుగు అలాగే గడిచాయి. లెక్కల మాస్టారు తన్నిన ప్రతిసారీ వెనక నుంచి అతని శిష్యులు పైకి లెక్కపెట్టారు. పదిహేడు దాకా నేనూ విన్నాను.

ఐదోవాడు తాబేలు. ఇరవై ఏళ్లుగా నీళ్లలో ఏ అలా అందుకోలేక అందరి చేతా నవ్వించుకునే మనిషి. వీడు కొట్టలేడు అనుకున్నాను. ఆ రోజు వాడి ముఖంలో ఒక సంతోషం చూశాను. కొట్టమని గురువుగారే చెప్పారు, ఎదురుగా అలసిన మనిషి ఉంది, ఊరంతా చూస్తోంది. అలాంటి రోజు వాడికి మళ్లీ వస్తుందా? మా ఆవిడ తొడ మీద కాలితో కొట్టి, కొట్టి, జనం 'తాబేలూ, తాబేలూ' అని అరుస్తుంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆనందంతోనే.

"టైలరు గారూ," అని వెనక నుంచి ఎవరో అరిచారు, "సూదీ దారం తెచ్చారా? కుట్లు పడేలా ఉన్నాయి!"

హాలు ఘొల్లుమంది. నేనూ పళ్లు బయట పెట్టాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు. పదిమందీ నవ్వుతున్నప్పుడు మన ముఖం కూడా వాళ్ల మాటే వింటుందేమో.

ఏడో మనిషి తన్నును ఆపబోతే మా ఆవిడ ఎడమ ముంజేయి విరిగింది. నా కొట్టులో మీటరు బద్ద విరిగితే వచ్చే చప్పుడే. ఆమె ఆ చేతిని నడుము బెల్టులో దోపుకుని ఒంటిచేత్తో నిలబడింది. అప్పుడు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను తువ్వాలును రెండు చేతులా పట్టుకున్నాను. చెమటకు అది తడిసిపోయింది.

తొమ్మిదోవాడు మా బావమరిది. చాప మీదకు వస్తూ వంగి నమస్కారం పెట్టాడు.

"ఏమనుకోకు అక్కా."

"మాట్లాడకుండా రారా," అంది.

వీడిని తను ఎత్తుకుని తిప్పింది. వీడి బడి సంచి మోసింది. రెండు నిమిషాలు వాడు పైపైన కొట్టాడు. గురువుగారు కూర్చున్న చోటి నుంచే, "ఉత్తరం పక్కింట్లో వేస్తున్నావు," అన్నారు. అందరూ నవ్వారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. మరుక్షణం పక్కనుంచి మోకాలి మీద పూర్తి బరువుతో తన్నాడు. కాలు లోపలికి మడతపడింది. మోకాలు అటు వంగదని నాకు తెలుసు. ఎన్ని ప్యాంట్లు కుట్టి ఉంటాను!

పడింది. పది లెక్కపెట్టేలోగా లేవాలి. ఎనిమిదికి లేచింది. ఒంటికాలి మీద లేచింది. రెండో కాలు బొటనవేలు మాత్రం చాపకు ఆనించింది. గంట కొట్టారు. ఒక నిమిషం విరామం.

పెద్దక్క వరసలోంచి లేచి, నీళ్ల సీసా కోసం వచ్చినట్టు నా పక్కకు వచ్చింది.

"తమ్ముడూ, మోకాలు కీలు తప్పింది. పాదం ఎటు తిరిగి ఉందో చూడు. ఇప్పుడు తువ్వాలు వేసేయ్. ఇప్పటికిప్పుడు ఆసుపత్రికి తీసుకుపోతే బాగుచేస్తారు."

"మాటిచ్చాను అక్కా."

"నేను దిగితే ఆ కాలి మీదే కొట్టాలి. దెబ్బ తిన్న చోటు వదిలేస్తే చెయ్యి ఆపినట్టే లెక్క."

"వేరే చోట కొట్టు అక్కా. నీకు దణ్ణం పెడతాను."

"మళ్లీ అడుగుతున్నావా?" అంది. ఆ గొంతులో కోపం కాదు, భయం ఉంది. "గురువుగారు ఇటే చూస్తున్నారు. ఇరవై మూడేళ్లుగా ఈ హాలు తప్ప నాకు ఇంకో ఇల్లు లేదు. వేసేయ్ తమ్ముడూ."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. పెద్దక్క ఏం చెబుతోందో ఆమెకు అర్థమైంది. 'వద్దు' అని పెదవులు కదిపింది.

దేవుడా అన్నాను. ఒకసారి ఆమె మాట దాటి నా తెలివి ఉపయోగించినందుకే కదా ఇంత జరిగింది. ఇప్పుడు మళ్లీ ఆమె మాట దాటి నా తెలివి ఉపయోగించమంటావా? దయ చూపించమని ఊరంతా తిరిగి అడిగిన మనిషిని. ఇప్పుడు ఆ దయ నా చేతిలోనే ఉంది, గుడ్డ రూపంలో. వేళ్లు వదులు చేస్తే చాలు. కానీ వదిలితే ఆ తరగతి పోతుంది, నేను పోతాను. లాండ్రీ మాత్రం మిగులుతుంది.

"పట్టుకో టైలరూ! వదలకు!" అని జనం అరిచారు. నేను వాళ్ల మాట విన్నానా, మా ఆవిడ మాట విన్నానా, ఇప్పటికీ తేల్చుకోలేను.

పట్టుకున్నాను.

పెద్దక్క చాప మీదకు దిగింది. మొదటి నిమిషం అంతా చుట్టూ తిరిగింది. గురువుగారు గొంతు సవరించుకున్నారు, అంతే. ఆమె కాలు విసిరింది. అదే కాలు, అదే మోకాలు. మా ఆవిడ నోట్లోంచి వచ్చిన కేకలాంటిది ఇద్దరు బిడ్డల్ని కన్నప్పుడు కూడా నేను వినలేదు. పడింది, లేచింది. ఇంకోటి. పడింది, తొమ్మిదికి లేచింది. మూడోది కొడుతున్నప్పుడు పెద్దక్క కళ్లు మూసుకుంది. తన్ను మాత్రం గురి తప్పలేదు. ఇరవై మూడేళ్ల అభ్యాసం.

గంట మోగేసరికి మా ఆవిడ నిలబడే ఉంది.

హాలు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గోల. గురువుగారు స్వయంగా వచ్చి నల్ల బెల్టు కట్టారు. ముడి బిగించి ఆయన చెయ్యి తీయగానే, ఆ చెయ్యే పట్టి నిలబెట్టిందేమో అన్నట్టు, మా ఆవిడ కింద పడిపోయింది.

ఆసుపత్రిలో రెండు ఆపరేషన్లు చేశారు. చెయ్యి అతుక్కుంది. మోకాల్లో నరం తెగిపోయిందని, పాదం ఇక పైకి లేవదని చెప్పారు. "నడవచ్చు, ఈడుస్తూ," అన్నాడు డాక్టరు. "బోర్డు మీద నిలబడొచ్చా?" అని అడిగింది. ఆయన నా వైపు చూశాడు. నన్ను చూడాల్సిన పనేముంది? ఆమెకే చెప్పొచ్చు కదా. "లేదమ్మా," అన్నాడు ఆఖరికి.

పదిమందీ పళ్లు తీసుకుని వచ్చారు. మంచం చుట్టూ నిలబడి ఆ రోజును మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు. ఇలాంటి పరీక్ష హాలు చరిత్రలో లేదన్నారు. తాబేలు మా ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, "మీలాంటి మనిషితో తలపడ్డానని నా మనవలకు చెప్పుకుంటాను," అన్నాడు. గురువుగారు చివర్లో చెప్పారు. తరగతి ఎక్కువ రోజులు ఆపలేరట. మూడు నెలల్లో ఇంకో అమ్మాయి పరీక్షకు నిలబడుతోందట. "నీ పేరు మాత్రం హాలు గోడ మీద ఉంటుంది," అన్నారు.

అందరూ వెళ్లాక బావమరిదిని వరండాలో ఆపాను.

"గురువుగారికి ఎవరు చెప్పారురా?"

వాడు గోడకేసి చూశాడు. "నీళ్లలో కూర్చుని అల కోసం చూస్తున్నాం బావా. ఊసుపోక నవ్వుకోడానికి అన్నాను. బావ అందరినీ అడుగుతున్నాడు, ఆదివారం అక్కకు దిండుతో కొట్టాలంట అని. అందరూ, నన్నూ అడిగాడు, నన్నూ అడిగాడు అన్నారు. అప్పటికి గురువుగారు వెనకే బోర్డు మీద ఉన్నారని చూడలేదు."

"నీ పోస్టు డబ్బాకు తాళం లేదని నాకు తెలియదు," అన్నాను. వాడు ఏడ్చాడు. వాడిని ఓదార్చింది కూడా నేనే.

మూడు నెలల తర్వాత ఆ అమ్మాయి పరీక్షకు వెళ్లాను. వెళ్లకపోతే కోపం వచ్చిందనుకుంటారని వెళ్లాను. పాతికేళ్ల పిల్ల. గురువుగారు ఏమీ ప్రకటించలేదు. రెండు నిమిషాలే. రొట్టెలాయన గుద్దులు ఒంటికి తగిలే ముందే ఆగిపోతున్నాయి. తాబేలు కాలు తొడను తాకి వెనక్కి వస్తోంది. దూరం నుంచి చూసేవాళ్లకు యుద్ధంలాగే ఉంటుంది. నేను బట్ట ఎక్కడ ఒంటిని తాకుతుందో, ఎక్కడ వదులుగా ఉంటుందో చూసి బతికేవాణ్ని. నాకు తెలిసిపోయింది.

బయటకు వచ్చాక పెద్దక్కను అడిగాను. ఆమె అబద్ధం చెప్పలేదు.

"ఎప్పుడూ ఇంతే తమ్ముడూ. నన్నూ ఇలాగే కొట్టారు. సగం బలం చాలు, మిగతాది అరుపు. ఎవరూ ఎవరికీ చెప్పరు, పరీక్షకు నిలబడేవాళ్లకు కూడా తెలియదు. మీ ఆవిడకీ అంతే అయ్యేది. నువ్వు బయటకు అన్నావు. అన్నాక ఎవరు మెల్లగా కొట్టగలరు?"

"అయితే ఆ రోజు కొట్టులోనే నాకు చెప్పొచ్చు కదక్కా."

"చెప్పకూడదు కదా," అంది. ఆ మాట అన్నాక తన మాట తనకే విచిత్రంగా వినబడినట్టు ఆగిపోయింది. తర్వాత షాపు తెరవాలని వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది.

"ఎన్ని నిమిషాలు?"

"రెండు."

"చెయ్యి ఆపారా?"

అబద్ధం ఆడొచ్చు. పుణ్యానికి ఆడే అబద్ధాలు ఉంటాయని పెద్దలు అంటారు. నా నోరు తిరగలేదు.

"ఆపారు. ఎప్పుడూ ఆపుతారట."

కిటికీ రెక్క దగ్గరికి లాక్కుంది. తర్వాత, "తువ్వాలు ఎవరు పట్టుకున్నారు?" అంది.

"వాళ్ల నాన్న."

"ఏడ్చాడా?"

"లేదు. వేరుశెనక్కాయలు ఒలుచుకుని తింటూ కూర్చున్నాడు. తువ్వాలులో తొక్కలు వేశాడు."

మా ఆవిడ నవ్వింది. మూడు నెలల్లో అదే మొదటి నవ్వు. పొట్ట పట్టుకుని, ఊపిరి అందనంతగా నవ్వింది. నేనూ నవ్వబోయాను. "మీరు నవ్వకండి," అంది.

మర్నాటి నుంచి లాండ్రీకి వెళ్తానంది. కూర్చుని దుప్పట్లు మడతపెట్టే పని ఇచ్చారు. లాండ్రీ గుమ్మానికి మూడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. వెనకే నిలబడి భుజం అందించాను. ఆమె దాన్ని చూడనట్టే వెనక్కి తిరిగి, మొదటి మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ ఆనించి తనను తాను పైకి లాగి రెండో మెట్టు మీద కూర్చుంది. పనికిరాని పాదం మెట్టు అంచును కొట్టుకుంటూ వెంట వచ్చింది.

అప్పుడే రొట్టెలాయన సైకిలు మీద అటు వచ్చాడు. నల్ల బెల్టు ఉన్న మనిషి ఎక్కడ ఎదురుపడినా ఆగి వంగి నమస్కరించాలని హాలు నియమం. ఆయన సైకిలు దిగాడు, మడమలు జోడించాడు, నడుము దాకా వంగాడు. నిజమైన గౌరవంతోనే వంగాడు. అందులో నాకు అనుమానం లేదు.

నమస్కారం అందుకున్నవాళ్లు తిరిగి వంగాలి. అదీ నియమమే. మా ఆవిడ రెండో మెట్టు మీద కూర్చున్న చోటే, చేతులు తొడల మీద పెట్టుకుని, తల వంచింది. ఆయన సైకిలెక్కి వెళ్లేదాకా అలాగే ఉంది. తర్వాత చేతులు మళ్లీ వెనక్కి పెట్టి మూడో మెట్టు ఎక్కింది.

వీధి చివర ఉత్తరాల సంచితో మా బావమరిది వస్తున్నాడు. అక్కను చూసి, దూరం నుంచే ఆగి, వాడూ వంగడం మొదలుపెట్టాడు.